చార్జింగ్ నిలిచిన ఫోనే మేటీ

ఆదోనిలో ఫోన్ కొన్న రోజు నేను అడిగింది ఒకే మాట. "చార్జింగ్ ఎంతసేపు నిలుస్తాదప్పా?" అని. అంగడివాడు వినిపించుకోలేదు. నన్ను గోడ దగ్గర నిలబెట్టి ఫోటో తీసి, "సూడక్కా, ఎంత తెల్లగా వచ్చినావో" అన్నాడు. నేను తెల్లగా పుట్టలేదు, పుట్టాలని కోరుకోనూ లేదు. మళ్ళీ అడిగితే ఫోన్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని అది ఎంత పలచగా ఉందో చూపించాడు. ఫోన్ పలచగా ఉంటే ఎవరికి లాభమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను కొనగలిగినవాటిలో అదే మేలని చెప్తే తీసుకున్నాను.

నాకు ఫోన్ సరదా కోసం కాదు. ఆస్పరి దిక్కు మా ఊళ్ళో ఎండాకాలం సేద్యం ఉండదు, ఉపాధి హామీ కరువు పనే. గుట్ట కింద వాన నీళ్ళు నిలవడానికి కందకాలు తవ్వుతాం. గుంపును కూడేసి, పని పంచి, హాజరు పంపే మనిషిని మేటీ అంటారు. ఇంటర్ దాకా చదివానని మా గుంపు నన్ను మేటీని చేసింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఫలానావాడి పెండ్లాం అనే తప్ప ఇంకో విధంగా పిలవని ఊరు, అప్పుడు మేటమ్మ అంది. ఆ పిలుపు నాకెంత ఇష్టమో ఇంట్లో కూడా చెప్పలేదు. చెప్తే నవ్వుతారు.

పని బాగానే చేశాను. బాలింతలతో మట్టి ఎత్తించేదాన్ని కాదు. కొలతలు వేసే సారు టేపును కందకం అంచు దాకా పట్టకుండా కొలత తగ్గిస్తే, అంచుకు ఆనించి పట్టుకోమని మొహం మీదే చెప్పేదాన్ని. ఆయనకు నేనంటే గిట్టేది కాదు. నాకు అది గొప్పగా ఉండేది.

హాజరు మాత్రం ఫోన్ చేతిలో ఉంది. పొద్దున ఒకసారి, పని ముగించి దిగే ముందు ఇంకోసారి అందరినీ నిలబెట్టి ఫోటో తీసి పంపాలి. రెండో ఫోటో పోకపోతే ఆ రోజు తవ్వింది తవ్వనట్టే, కూలి రాదు. గుట్ట దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ ఫోన్ వేడెక్కిపోయి ఉన్న చార్జింగంతా తాగేస్తుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టి తెచ్చిన ఫోన్, పని దిగే వేళకు ఎర్ర గీతకు వచ్చేది. అందుకని మొదటి ఫోటో పోగానే దాన్ని ఆపేసి తుమ్మచెట్టు కింద పెట్టేవాళ్ళం. అక్కడ నీడంటే అదే. నీళ్ళ బిందె, సద్ది మూటలు, ఫోన్ నీడలో ఉండేవి. మేం ఎండలో ఉండేవాళ్ళం. ఒక బాలింత బిడ్డను పడుకోబెట్టడానికి వస్తే, ఫోన్‌కు ఎండ తగలకుండా చూసుకుని, మిగిలిన నీడలో బిడ్డకు చోటిచ్చాం. అప్పుడు అది మాకు తప్పుగా తోచలేదు.

ఎండలు ముదిరిన ఒక రోజు మా గుంపులో అందరికన్నా పెద్ద అవ్వ చెట్టు కిందికి నీళ్ళు తాగడానికి పోయి ఫోన్‌ను ముట్టుకుని చూసింది. కాలుతోంది. మా దిక్కు ఎండకు చెడిపోయే దేన్నయినా తడిగుడ్డలో చుట్టి బిందె పక్కన పెడతాం. మజ్జిగైనా అంతే, తమలపాకులైనా అంతే. అవ్వ తన తువ్వాల తడిపి ఫోన్‌కు చుట్టి బిందెకు ఆనించి పెట్టింది. రెండో ఫోటోకు నేను విప్పేసరికి అది చెమటలు పట్టి ఉంది. ఎంత నొక్కినా లేవలేదు.

"ఉడికిపోతాంటే సూడల్యాక పెట్నా తల్లీ. సల్లగుంటే సార్జింగు నిలుస్తాదనుకుంటి" అంది అవ్వ.

ఆమెను ఎవరూ తిట్టలేదు. అవ్వే తన తలను తాను కొట్టుకుంది. ఆ రోజు గుంపంతటికీ హాజరు పడలేదు, కూలి పోయింది.

ఎమ్మిగనూరులో మా తమ్ముడుంటాడు. మరునాడే వాడితో కలిసి రిపేరు అంగడికి పోయాను. మా పాత నొక్కుడు ఫోన్‌కు గోరుతో వెనక మూత తీస్తే బ్యాటరీ చేతిలోకి వచ్చేది, ఇంకోటి వేసుకునేవాళ్ళం. దీనికీ అట్లాగే వేయమన్నాను. రిపేరు చేసే అతను ఫోన్‌ను తిప్పి చూసి, "అట్ల రాదక్కా. బంకేసి అతికిచ్చినారు. తీస్తే యెనక అద్దం పగుల్తాది" అన్నాడు.

"మరి బ్యాటరీ పోతే ఏం చేయాల?"

"కొత్త ఫోన్ కొనాల" అన్నాడు, అంత మామూలుగా.

నాకు ఒళ్ళు మండింది. ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని ఈ ఫోన్‌ను గీసినవాడు, చేయి చాపితే ప్లగ్గు అందని చోట ఒక్క పూటైనా గడిపి ఉండడు. వాడికి మా ఎండ తెలియదు సరే, చార్జింగ్ అయిపోవడమంటే ఏమిటో కూడా తెలియదు. మూడు కళ్ళ కెమెరా పెట్టాడు. ఆ కెమెరా లేవాలంటే కావలసినదాన్ని మాత్రం పిసినారిలా పెట్టాడు. అద్దం పగిలితే పగిలిందని ఏదో బ్యాటరీ వేయించుకుని వచ్చాను. అది పాతదానికన్నా అధ్వాన్నం. వారం తిరక్కముందే మళ్ళీ ఒక రోజు హాజరు పడలేదు.

అప్పుడు గుంపులో పెద్దాయన, నేను మామా అని పిలిచే మనిషి, నన్ను పక్కకు పిలిచాడు.

"నీ మీద మాకేం కోపం ల్యాదమ్మా. నీ ఫోన్‌తోనే వస్తాంది సావు. అందరి ఫోన్లూ పెట్టి సూద్దాం. ఏది నిలిస్తే వాళ్ళే మేటీ."

కాదనడానికి నా దగ్గర ఏముంది? హాజరు మేటీ పేరున్న ఫోన్ నుంచే పోతుంది, రోజూ ఇంకొకరి ఫోన్ అడిగి తీసుకోనూ లేను. మరునాడు పొద్దున గుంపులో టచ్ ఫోన్లన్నీ చెట్టు కింద గోనెపట్ట మీద వరసగా పరిచారు. అన్నీ ఆన్‌లోనే ఉంచారు. ఎవరు పని బాగా పంచుతారు, ఎవరికి కొలతలు తెలుసు అని ఎవరూ అడగలేదు. నేను కందకంలోకి దిగి మట్టి ఎత్తుతూ అటువైపు చూడకూడదనుకున్నాను, చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం కాకముందే నాది ఆరిపోయింది. అన్నిటికన్నా ముందు ఆరింది నాదే.

గెలిచింది ఒక పిల్ల తెచ్చిన, ఇటుకంత మందం ఉన్న ఫోన్. లారీ నడిపే మొగుడు దూరం ప్రయాణాల కోసం కొనుక్కుని, పాతబడ్డాక ఆమెకు ఇచ్చిన ఫోన్ అది. ఆ పిల్ల మా గుంపులో కొత్త. "నాకీ పని రాదక్కా" అని నా చేయి పట్టుకుంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అందుకు కూడా కోపం వచ్చింది.

మరునాడు ఆమె మొదటి ఫోటో తీసి, చున్నీ నడుముకు బిగించి, అందరికీ సమానంగా అడుగులతో కొలిచి తలా ఒక చోటు చూపించింది. అవ్వకు చూపించిన చోట పైన మట్టే కానీ కింద అంతా బండ. గుంపులో సగం మందికి ఆ సంగతి తెలుసు. ఎవరూ నోరు విప్పకపోతే నేనే అన్నాను, అవ్వకు అక్కడ వద్దు, ఇటు పక్కకు మార్చు అని. ఆ పిల్ల నావైపు, మామవైపు చూసింది.

మామ గడ్డపార భుజం మీద నుంచి దించకుండానే అన్నాడు, "ఫోన్ ఆయమ్మ సేతిలో ఉండాది గదమ్మా. ఆయమ్మ సెప్పనీ."

ఆయన నెమ్మదిగానే అన్నాడు, నా మనసు కష్టపెట్టాలని కాదు. అవ్వ ఆ బండ మీదికి పోయి నిలబడింది. నేను పోయి ఆమె చేతిలో గడ్డపార తీసుకుని, నా చోటికి పొమ్మని చెప్పాను. దెబ్బ వేసినప్పుడల్లా చేతులు జుమ్మంటుంటే, నేను చెప్పిన మాట వినాల్సిన అవసరం ఈ గుంపులో ఇక ఎవరికీ లేదని అప్పుడు తెలిసింది.