సర్పి మీద అద్దిన రంగు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, ఫిల్మ్‌నగర్‌లో వేసిన గుడి సెట్‌లో ఒక కుటుంబకథా చిత్రానికి చీఫ్ మేకప్‌మ్యాన్‌గా చేరాను. తెనాలి నుంచి వచ్చి మోతీనగర్‌లో ఒక గదిలో మొదలుపెట్టినవాణ్ణి. అప్పటికి ఈ వృత్తిలో ముప్పై నాలుగేళ్లు. ఆ లెక్క అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పుకునేవాణ్ణి.

మా పనిలోనూ హోదాలున్నాయి. చీఫ్ కింద ఇద్దరు అసిస్టెంట్లు, షాట్‌కీ షాట్‌కీ మధ్య చెమట అద్ది పౌడరు సరిచేసే టచప్ మనిషి ఒకరు. ముఖం చీఫ్‌ది, ఒళ్లు అసిస్టెంట్లది. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ఎవరూ మీరేవారు కాదు. చీఫ్ మెడ దిగువన చెయ్యి పెడితే పరువు తక్కువ. నా అసిస్టెంట్లలో స్వప్న అనే అమ్మాయికి ఇరవై ఆరేళ్లుంటాయి. తల్లితో కలిసి కృష్ణానగర్‌లో ఉండేది. చెయ్యి తేలిక, పని శుభ్రం.

పూజారి వేషం ఒక సీనియర్ నటుడిది. పేరెందుకు, పెద్దాయన అంటాను. పంచె, జంధ్యం తప్ప ఒంటిమీద ఇంకేమీ లేని వేషం. సగం సీను తీశాక, నాలుగో రోజు ఉదయం కారవాన్‌లో ఆయన చొక్కా విప్పితే కుడివైపు డొక్క వెంట, వెన్ను నుంచి ముందుకు పట్టీ వేసినట్టు ఎర్రటి నీటిపొక్కులు కనిపించాయి. మంటకు కూర్చోలేకపోతున్నానన్నారు. చూస్తూనే సర్పి అని తేల్చేశాను. షూటింగ్ ఆపుదామంటే అందరి కాల్‌షీట్లూ తారుమారవుతాయి. కండువా కప్పితే ముందు తీసిన షాట్లతో కలవదు. కంటిన్యుటీ పోవడమంటే అదే. ఇక కప్పాల్సింది రంగుతోనే.

పొక్కుల మీద స్పాంజితో ప్యాన్‌కేక్ రుద్దితే నిలవదు. పల్చటి ఫౌండేషన్‌ను వేలికొసలతో అద్దుకుంటూ పోవాలి. గ్లవ్స్ వేసుకుంటే సగం రంగు వాటికే అంటుకుంటుంది. స్వప్న డబ్బా మూత తీసి ఆగిపోయింది.

“సార్, నీళ్ల పొక్కులున్నయి. గిది అంటుకుంటదేమో?” అని మెల్లగా అడిగింది.

“సర్పి అంటదమ్మా. ఇలాంటివి ఎన్ని చూశాను! కానియ్,” అన్నాను.

పెద్దాయన ముందు అలా అడిగినందుకు విసుక్కున్నాను కూడా. రెండు రోజులు ఆ అమ్మాయే అద్దింది. తెరమీద ఒక్క పొక్కు కనబడలేదు. కెమెరామ్యాన్ మెచ్చుకుంటే, సిగ్గులేకుండా ఆ మెప్పు నేను పుచ్చుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. స్వప్న ఒకరోజు నలతగా ఉందంటూ ఇంటికి వెళ్లి, మర్నాడు రాలేదు. అమ్మవారు పోసిందని వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఆ మాట యూనిట్‌లో గుప్పుమంది. ఎవరో సెట్‌లో పసుపునీళ్లు చల్లించారు. ప్రొడక్షన్ మేనేజరు ప్రసాద్ నన్ను పిలిచి, ఆ ఇరుకు సందుల నుంచి రోగాలు మోసుకొచ్చేవాళ్లు మనకొద్దన్నాడు. వేరే మనిషిని చూసుకోమన్నాడు, వచ్చే షెడ్యూలుకు కూడా ఆమె పేరు రాయవద్దన్నాడు. మా ఫీల్డులో ఒక మేనేజరు కాదన్న మనిషిని ఇంకో మేనేజరు పిలవడు. ఆ అమ్మాయి నోటి దగ్గర కూడు తీసేసినట్టే. నేను తలూపి వచ్చేశాను. మళ్లీ ఎప్పుడు రావచ్చో డాక్టరు చేత చెప్పిస్తే ప్రసాద్ మెత్తబడతాడేమో అని మాత్రం తోచింది.

షేక్‌పేటలో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది. వెళ్లి సంగతి చెప్పాను. ఆ ఇంట్లో పిల్లలున్నారా, ఇరుగుపొరుగున ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందా అని ఆరా తీసింది. అక్కడ ఎవరికీ లేదని వాళ్లమ్మ ఫోన్‌లోనే చెప్పిందన్నాను. ఆమెకు చిన్నప్పుడే వచ్చి పోయిందట.

“పోనీ, రెండు మూడు వారాల కింద సర్పి ఉన్నవాళ్లనెవరినైనా ముట్టుకుందా?” అని అడిగింది.

వేళ్లమీద లెక్కపెడితే పదిహేను రోజులు తేలింది.

అప్పుడామె ఓపిగ్గా చెప్పింది. చిన్నప్పుడు ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంటిని వదలదు. నరాల మొదళ్లలో అణిగి ఉంటుంది. వయసు మీదపడి సత్తువ తగ్గినప్పుడు ఒక నరం వెంట మళ్లీ పైకి వస్తుంది. అదే సర్పి. ఒకవైపే, పట్టీలా రావడానికి కారణం అది. సర్పి వల్ల పక్కవాళ్లకు సర్పి రాదు. నేను అన్నదాంట్లో నిజం అంతమటుకే. పొక్కుల నీటిలో ఉండేది మాత్రం ఆ వైరస్సే. ఎన్నడూ ఆటలమ్మ రానివాళ్లకు, టీకా పడనివాళ్లకు అది తగిలితే ఆటలమ్మ వస్తుంది. పది నుంచి ఇరవై ఒక్క రోజుల లోపు బయటపడుతుంది. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టాక ఆ మనిషి వల్ల ఎవరికీ భయం లేదు. చిన్నతనంలో కాక పెద్దయ్యాక వస్తే ఒక్కోసారి ఊపిరితిత్తుల దాకా పోతుందనీ, ఆలస్యం చేయకుండా తీసుకురమ్మనీ చెప్పింది.

నేరుగా కృష్ణానగర్ వెళ్లాను. స్వప్న వేపాకు పరిచిన చాప మీద జ్వరంతో మూలుగుతోంది. వాళ్లమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

“తల్లి వచ్చినప్పుడు మందులేంది సారూ? ఆమెకు కోపమొస్తది.”

“తల్లి తనంతట తాను రాలేదమ్మా. అంటదని చెప్పి పొక్కులు ముట్టించింది నేను,” అన్నాను.

ఆమె గుమ్మంలోంచి పక్కకు జరిగింది. లోపలికి వెళ్లి కూతుర్ని లేపింది. డాక్టరమ్మ చూశాక ఆ సాయంత్రమే మాత్రలు మొదలయ్యాయి. నాలుగు రోజులకు జ్వరం దిగింది.

మర్నాడు ప్రసాద్‌కు జరిగింది చెప్పాను. ఆమెను ఎలాగో సర్దుకుందాంలే గానీ పెద్దాయన సంగతి బయట అనొద్దన్నాడు. కానీ అది చెప్పకపోతే రోగం తెచ్చిన పిల్ల అన్న ముద్ర ఆమెకు చెరగదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, దర్శకుడూ పెద్దాయనా ఉండగానే, వరసగా చెప్పేశాను. ఈ జబ్బు బయటినుంచి రాలేదని, మా కారవాన్‌లోనే అంటిందని, చేయించింది నేనని. పెద్దాయన చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయారు.

చెక్కులు కట్టాక, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంతో స్వప్న పన్నెండో రోజున పనిలోకి వచ్చింది. ప్రసాద్ వచ్చే షెడ్యూలులోనూ ఆమె పేరు రాశాడు. పెద్దాయన తర్వాతి సినిమాలకు వేరే మేకప్‌మ్యాన్‌ను పెట్టుకున్నారు. ఎదురుపడినా పలకరించేవారు కారు. చాలా బాధపడ్డాను.

మిగిలిన మూడేళ్లూ, పొక్కున్న ఒంటిని డాక్టరు చూడనిదే మావాళ్లెవరినీ చెయ్యి వేయనివ్వలేదు. పెద్దాయనది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు, ఆయనకు తెలియదు. స్వప్నకూ తెలియదు, అందుకే అడిగింది. తెలియకుండానే తెలుసన్నవాణ్ణి ఆ కారవాన్‌లో నేనొక్కణ్ణే.