గంట ఆగకముందే వేసిన తలుపు

మైకు స్టాండు దవడకు తగిలినప్పుడు ఆమె పళ్లు రెండు ఊడి కార్పెట్ మీద పడ్డాయి. విసిరినవాడు శాసనసభ్యుడు. ఆమె మార్షల్. సభలో గొడవ ముదిరితే సభ్యులను ఎత్తి బయట పెట్టడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగంలో తిన్న దెబ్బలు మాత్రం ఆమె సొంత ఆస్తి. మార్షళ్ల మీద అధికారి, అందరూ పెద్దసారు అని పిలిచే మనిషి, ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"ఆస్పత్రిలో మెట్ల మీద జారిపడ్డానని చెప్పమ్మా. సభ పరువు మనదే కదా."

నోటినిండా రక్తం. తల ఊపింది.

"ఎన్ని మెట్లు?" అన్నాడు డాక్టరు దవడ చూసి.

"అన్నీ," అంది.

కట్టుడు పళ్లు సొంత ఖర్చుతో పెట్టించుకుంది. స్టాండు విసిరిన పెద్దమనిషి తర్వాత ఆర్థికమంత్రి అయ్యాడు. రోజూ ఆమె తెరిచిన తలుపులోంచే లోపలికి నడిచేవాడు. ఆమె సెల్యూట్ కొట్టేది. మార్షళ్లు తమలో తాము అతన్ని మైకుమంత్రి అనుకునేవారు. ఆమె ఆ పేరుకు కూడా నవ్వేది కాదు.

ఆమెను అందరూ పిలిచేది గడియక్క అని. సభకున్న ఉత్తర ద్వారం ఆమెది. రెండు రెక్కల బరువైన తలుపు, నడుమెత్తున ఇత్తడి గడియ. ఓటింగు పెట్టినప్పుడు కారిడార్లలో, క్యాంటీన్లో, లైబ్రరీలో గంట మోగుతుంది. ఎక్కడున్న సభ్యులైనా పరిగెత్తుకు రావాలి. గంట మోగినంతసేపూ తలుపు తెరిచి ఉంటుంది. గంట ఆగగానే గడియ పడుతుంది. లోపలున్నవాడికి ఓటు, బయటున్నవాడికి గోడ. గంటకూ గడియకూ మధ్య ఆమె తన చెవిని తప్ప ఎవరినీ నమ్మేది కాదు.

ఆమె ఇల్లు ఊరి చివర, తోళ్ల ఫ్యాక్టరీల బస్తీలో. ఆమె భర్త తోళ్లు పిండే యంత్రం మీద పనిచేసేవాడు. ఒకరోజు రోలర్ల మధ్యకు చెయ్యి పోయింది. మోచెయ్యి దాటి నలిగాక గాని యంత్రం ఆగలేదు. పెద్దాస్పత్రి ఊరికి ఆ కొసన ఉంది. లారీలో పచ్చితోళ్ల మీదే పడుకోబెట్టి బయల్దేరారు. నలిగిన చోట ఆమె తువ్వాలు చుట్టి, దాని మీద మోకాలు పెట్టి, బరువంతా వేసి అదిమి కూర్చుంది. సగం దారిలో రక్తం ఆగింది. తన మోకాలి బలం వల్లే ఆగిందనుకుని ఆ మనిషి చెవిలో, "అయిపోయింది, ఇక భయం లేదు," అని కూడా చెప్పింది.

ఆ యంత్రం మీద ఇప్పుడు ఆమె మరిది పనిచేస్తున్నాడు. అదే యంత్రం, అవే రోలర్లు, కడిగి పెట్టారు.

ఆస్పత్రి చేరకుండా అలా లారీల్లో పోయింది అతనొక్కడే కాదు. అందుకే బస్తీ రోడ్డెక్కింది. బస్తీలోనే ప్రమాదాల వార్డు కావాలని ఫ్యాక్టరీ గేట్ల ముందు పడుకుంది, లాఠీలు తింది. వాళ్లతోపాటు తల పగలగొట్టించుకున్న స్కూలు టీచరమ్మను తర్వాత సభకు పంపింది. టీచరమ్మ సభలో కొట్లాడి వార్డుకు డబ్బు మంజూరు చేయించింది. పునాదులు పడ్డాయి. స్తంభాలు లేచాయి. ఇనుప చువ్వలు ఆకాశం వైపు చూస్తూ స్లాబు కోసం ఆగి ఉన్నాయి.

అప్పుడు మైకుమంత్రి రద్దు బిల్లు తెచ్చాడు.

సభ ఒప్పుకున్న ఖర్చును ప్రభుత్వం తనంతట తాను మింగేయలేదు. రద్దు చేస్తామని మళ్లీ సభనే అడగాలి. అడిగినప్పటి నుంచి కొంత గడువు. అంతవరకు డబ్బు ఆపుకోవచ్చు. గడువులోగా సభ సరేనంటే మంజూరు చచ్చినట్టే. అనకపోతే డబ్బు విడుదల చేసి తీరాలి. 'ఇంతవరకు ఖర్చు కాని మొత్తాలు' అని బిల్లులో రాశారు. ఖర్చు కాకుండా చెల్లింపులు ఆపి, కాంట్రాక్టరును తిప్పి తిప్పి పంపిందీ వాళ్లే. ముందు పీక నొక్కడం, తర్వాత ఊపిరి పీల్చడం లేదని చావు ధ్రువీకరించడం. హత్యకు ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఉండదు.

గడువు ముగిసే రోజు పొద్దున మరిది షర్టు తొడుక్కుంటూ అడిగాడు.

"వదినా, ఇవాళ మా వార్డును పాతిపెడతారటగా? నువ్వేగా దగ్గరుండి తలుపేసేది."

"తలుపెయ్యడమే నా పని. లోపల ఏం చేసుకుంటారో నాకెందుకు?"

"అంతేలే. మీరు కొట్టుకుంటే జీతాలిస్తారు, మేం కొట్టుకుంటే కేసులు పెడతారు." గుమ్మంలో ఆగి కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. "దీన్నోసారి సరిగ్గా చూసుకో. రేపు గుర్తుపట్టాల్సి రావచ్చు."

"నోరు కడుక్కో, వెధవా!" అని కసిరింది గాని, ఆ చెయ్యి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

సభలో ఆ సాయంత్రం టీచరమ్మ జట్టు పోడియాన్ని చుట్టుముట్టింది. బిల్లు ఓటుకు రాకుండా గడువు దాటించాలని వాళ్ల పట్టుదల. కాగితాలు ఎగిరాయి, ఆపైన కుర్చీలు ఎగిరాయి. ఒకడు మరొకడి చెవి కొరికాడు. అధికారపక్షం యువసభ్యుడొకడు ముసలాయన కళ్లజోడును ముఖం మీదే పిడికిలితో నలిపాడు. స్పీకరు మైకులు ఆపించి, మార్షళ్లను పిలిచాడు.

టీచరమ్మ బల్లకాలు పట్టుకుని నేల మీద పడుకుంది. ఆమెను ఎత్తే వంతు గడియక్కకు వచ్చింది.

"నన్ను లాగడానికి నువ్వే దొరికావటే?"

"చెయ్యి వదలండి టీచరమ్మా. విరుగుతుంది."

"విరగనీ. కట్టు కట్టడానికి వార్డుందిగా మనకి!"

గడియక్క ఒక్కో వేలూ విప్పింది. గట్టిగానే విప్పింది. జుట్టు ఊడి, మోచేతులు గీరుకుపోతున్న ఆ మనిషిని చంకల కింద పట్టి కారిడార్లోకి ఈడ్చి పడేసింది. మిగతావాళ్లనూ అలాగే విసిరారు. అయితే వాళ్లలో ఎవరినీ సస్పెండ్ చేయలేదు. బయటికి తోసినవాడు ఓటుకు తిరిగి రావచ్చు. అది సభ పద్ధతి. టీచరమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడుతుండగా గంట మోగింది.

"తలుపెయ్యి," అన్నాడు పెద్దసారు.

"గంట మోగుతోంది సార్."

"నాకూ చెవులున్నాయి. వెయ్యి."

"ఆగాక వేస్తాను."

"పైనుంచి చెప్పారే. గడియ పెట్టు!"

ఆమె కదలలేదు. పెద్దసారు సైగ చేశాడు. ఆమెతో కలిసి టీ తాగే ఇద్దరు మార్షళ్లు చెరో రెక్కా తోశారు. సందు మూరెడైంది, జానెడైంది. అవతల టీచరమ్మ కుంటుతూ పరిగెత్తుతోంది. గడియక్క కుడిచెయ్యి ఆ సందులో పెట్టింది.

మార్షళ్లు తోయడం ఆపలేదు. మోచేతి కింద ఎముక పచ్చి కొమ్మలా ఫెళ్లున విరిగింది. ఆమె అరిచింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. పెద్దసారు ఆమె భుజం మీద గుద్దాడు, మెడ మీద గుద్దాడు. "తియ్యవే! చస్తావే!" అంటూ చేతికర్ర తీసి వీపు మీద బాదాడు. పగిలిన ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చి తెల్లగా కనిపించింది. తోస్తున్నవాళ్లలో ఒకడు దాన్ని చూసి, "అమ్మో" అని చేతులు వదిలేశాడు. ఆ రెక్క వెనక్కి పోయింది. టీచరమ్మ, ఆమె వెనక మిగతావాళ్లు, గడియక్కను తొక్కుకుంటూ లోపలికి పడ్డారు.

గంట ఆగింది.

అప్పుడు గడియక్క లేచి, ఎడమచేత్తో తలుపు వేసి గడియ పెట్టింది.

ఓట్లు లెక్కపెట్టారు. రద్దు బిల్లు కొద్దిపాటి తేడాతో ఓడిపోయింది. మైకుమంత్రి ముఖం చూసే తీరిక ఆమెకు లేదు. గడియ పక్కనే గోడకు జారగిలబడి, భర్త చేతిని అదిమినట్టే తన చేతిని మోకాళ్ల మధ్య అదిమి పట్టుకుని కూర్చుంది.

ఆస్పత్రికి పెద్దసారు కూడా వచ్చాడు. మంచం పక్కనే నిలబడి, డాక్టరు అడగకముందే, "మెట్ల మీద..." అని మొదలుపెట్టాడు.

"తలుపు మధ్య పెట్టి నలిపారు, డాక్టరుగారూ," అంది గడియక్క. "ఈయన కర్రతో కొట్టాడు. వీపు చూడండి. గంట మోగుతుండగానే తలుపు వేశారు. పళ్లప్పుడు కూడా మెట్లు కావు. మంత్రిగారు మైకు స్టాండు విసిరారు. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు రాసుకోండి."

మర్నాడు మరిది వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. ఏదో ఎకసెక్కం ఆడబోయి మానేసి, తన కుడిచెయ్యి ఆమె ఎడమచేతిలో పెట్టాడు.

గడియక్క ఇప్పుడు సస్పెన్షన్లో ఉంది. గంట ఆగిపోయాక, మూయాల్సిన తలుపును అడ్డుకుని అల్లరిమూకను లోపలికి వదిలిందని ఆమె మీద నేరం మోపారు. తోటి మార్షళ్లు కళ్లు దించుకుని, గంట ఆగిందనే చెబుతున్నారు. వాళ్లకూ పిల్లలున్నారు. మైకులు ఆపేశారు కాబట్టి రికార్డులో గంట లేదు. కెమెరాలు పోడియాన్ని తప్ప తలుపును చూడవు. ఈ నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడవచ్చు. అంతకంటే ముఖ్యం, ఆ ఓటింగే చెల్లదని మైకుమంత్రి మళ్లీ రద్దు బిల్లు తెస్తాడు. స్తంభాల మీది చువ్వలకు తుప్పు పట్టడం మొదలైంది.

ఆ సాయంత్రం సందర్శకుల గ్యాలరీ నిండుగా ఉంది. మీలో కొందరు అక్కడే ఉన్నారు. కాలేజీ నుంచి వచ్చినవాళ్లు, ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు, వానకు తలదాచుకోవడానికి ఎక్కినవాళ్లు. గంట మీ చెవుల్లో మోగింది. ఆమె అరుపు ఆ గంట మోగుతుండగానే వినిపించింది. విచారణ అధికారి ముందుకు వచ్చి ఆ ఒక్క మాట చెప్పండి. మేం ఎవరి పక్షమూ కాదు అంటారా, ఏ పక్షమూ పట్టక్కర్లేదు. విన్నది చెప్పండి చాలు. అక్కడ లేనివాళ్లు మీ సభ్యుడి ఇంటికి వెళ్లి, వార్డు రద్దుకు ఎటు ఓటేశావని ముఖం మీద అడగండి. బిల్లు మళ్లీ వచ్చిన రోజు గ్యాలరీలో కాలు పెట్టే చోటు ఉండనివ్వకండి.

ఆమె ఒక చెయ్యి ఇచ్చింది. తలుపు పట్టుకోవడానికి ఆమెకు ఇంకొక్కటే మిగిలింది.