బందెలదొడ్డిలో ఎర్రచీర

మొన్న మా వార్డులో బోరింగు ప్రారంభోత్సవం ఫొటో చూశారు కదా. మెంబరునై ఉండి అందులో నేనెందుకు లేనని అందరూ ఒకటే అడగడం. టీ చల్లారేలోగా చెప్పేస్తాను, నవ్వకండి.

దువ్వాడ దగ్గర మాది చిన్న పంచాయతీ. స్టీలు ప్లాంటు పనులకొచ్చిన జనంతో వార్డు నిండిపోయింది, నీళ్ళకి మాత్రం ఒకటే బావి. బోరింగు తెస్తానని చెప్పి గెలిచాను. తేకపోతే ఈసారి మా ఆవిడే నాకు ఓటెయ్యదు.

గెలిచిన దగ్గర్నుంచి పంచాయతీకి ఏమేం అధికారాలున్నాయో కంఠస్థం పట్టాను. రోడ్డుపక్క మేం నాటిన మొక్కల్ని ఓ గేదె మేస్తూ కనబడేసరికి అవన్నీ ఒక్కసారే నెత్తికెక్కాయి. తోలుకెళ్ళి పంచాయతీ ఆఫీసు పక్కనున్న బందెలదొడ్డిలో కట్టేశాను. అది మా వార్డులోనే ఉండే నూకాలమ్మ గేదె.

నూకాలమ్మ వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఇప్పు బావూ, పాలు తియ్యాల."

"జరిమానా కట్టి తోలుకెళ్ళు. రూలంటే రూలే."

"అలగా? అయితే కట్టేసినోలే పిండుకోండి. నాను ముట్టను."

బోరింగు సంగతి తేల్చడానికి బ్లాకాఫీసరు వచ్చేది సరిగ్గా ఆ పూటే. గేదె పొదుగు నిండి ఊరదిరేలా అరుస్తోంది. మా ప్రెసిడెంటు పరుగెత్తుకొచ్చాడు. "బావా, ఆయన ముందిలా అరిసిందంటే బోరింగు పోద్ది. ఇప్పెయ్, నేదా పిండెయ్."

విప్పితే నా పరువేం కాను? చెంబు పట్టుకుని కూర్చున్నాను. ఒకే తన్ను. చెంబు అటు, నేను ఇటు.

నూకాలమ్మకి జాలేసింది, గేదె మీద. ఇంటికెళ్ళి తన ఎర్రచీర తెచ్చి పడేసింది. "ఈ సీర కట్టుకున్నోలికే అది పాలు సేపుద్ది. నాను ఊల్లో నేకపోతే మా ఆయనా ఇలగే పిండుతాడు."

దొడ్లో చూసేవాళ్ళెవరూ లేరు కదా అని ప్యాంటు మీదే చుట్టేసుకున్నాను. గేదె ఓసారి వాసన చూసి, బుద్ధిగా పాలు వదిలింది. చెంబు నిండిందో లేదో బయట జీపు ఆగింది. ముసుగు గడ్డం దాకా లాక్కున్నాను.

"ఎవరీవిడ?" అన్నారు ఆఫీసరు.

"మా లేడీ మెంబరండి" అన్నాడు ప్రెసిడెంటు, కన్నార్పకుండా.

"భేష్! పట్టుకొచ్చిన గొడ్డుకి ఇంత సేవ చేసే మెంబరుని ఎక్కడా చూళ్ళేదు. బోరింగు ఈవిడ వార్డులోనే వేయిస్తాను. కొబ్బరికాయ ఈవిడే కొట్టాలి, నేనూ వస్తాను."

ప్రారంభోత్సవం రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాను. గుమ్మంలో నూకాలమ్మ. చేతిలో ఉతికి మడతపెట్టిన ఎర్రచీర.

"ఆపీసరు గోరొచ్చేసినారు బావూ. బేగి కట్టుకో."

అంచేత ఫొటోలో నేను లేనని మాత్రం అనకండి. ముసుగేసుకుని కొబ్బరికాయ కొడుతున్నావిడ చేతికేసి చూడండి. మా మామగారు పెట్టిన వాచీ అది.