నిండుకున్న తపేలా

పోయిన ఆదివారం మా అల్లుడు పెద్ద అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి వంటగది గట్టు మీద పెట్టి, కత్తెరతో దాని పొట్ట కోసి, నల్లగా నిగనిగలాడే పోత ఇనుము తపేలా బయటికి తీశాడు. ఆన్‌లైన్‌లో తెప్పించాడట. దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకం చూసుకుంటూ, అందులో అన్నం ఎలా వండాలో, సబ్బు పెట్టి ఎందుకు తోమకూడదో, నూనె ఎలా రాయాలో నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. మంచి పిల్లాడే పాపం. నేను తలాడిస్తూ వింటున్నాను గానీ నా చేతులు అప్పటికే ఆ తపేలా చెవులు పట్టుకుని బరువు చూస్తున్నాయి. ఉన్నట్టుండి, ఉల్లిపాయలు తరుగుతున్నాననే వంక కూడా లేకుండా కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంట్లో అందరినీ కంగారు పెట్టేశాను. ఏమైందని అడిగితే ఏం చెప్పను? ఈ పిల్లలకి చెబితే సినిమా కథంటారు. మీరైతే, నా ఈడువాళ్ళు, కిరసనాయిలు పంపు స్టవ్‌ని పిన్నుతో పొడిచి, తిట్టుకుంటూ వెలిగించినవాళ్ళు, నమ్ముతారని మీతో చెబుతున్నాను.

తొంభైల నాటి మాట. మాది గోదావరి జిల్లా. పెళ్ళైన కొత్తలో మా ఆయనకి విశాఖపట్నంలో ఒక చిన్న ఫౌండ్రీలో పని దొరికితే, గోపాలపట్నంలో వరసగా కట్టిన ఒంటిగది ఇళ్ళల్లో ఒకటి అద్దెకి తీసుకుని కాపురం పెట్టాం. ఇసుకతో అచ్చు కట్టి, కరిగిన ఇనుము అందులో పోసి, యంత్రాల భాగాలు తయారుచెయ్యడం ఆయన పని. మాకు కూతురు పుట్టిన ఏడాది, యజమానిని అడిగి, మిగిలిన ఇనుముతో మూతతో సహా ఒక తపేలా పోతపోసి, గోనెసంచిలో చుట్టి భుజాన వేసుకుని తెచ్చారు. లోకంలో మొగుళ్ళు పెళ్ళాలకి చీరలు తెస్తారు, మా ఆయన ఇనుము తెచ్చారని నేను మూతి మూడు వంకర్లు తిప్పాను.

దాంతో మొదటిరోజే ఒక ఘనకార్యం చేశాను. మా పుట్టింట్లో అన్నీ ఇత్తడి సామాన్లు, చింతపండు పెట్టి తోమితేనే గిన్నె కడిగినట్టు లెక్క. ఆ అలవాటుకొద్దీ ఈ తపేలాకి కూడా చింతపండు దట్టంగా పట్టించి, చేతులు నొప్పెట్టేలా రుద్ది, ఆహా ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయి అందులో ఎసరు పెట్టాను. దింపి చూద్దును కదా, మల్లెపువ్వులా ఉండాల్సిన అన్నం తుప్పురంగులో నా మొహంలోకి చూస్తోంది. మా ఆయన కంచం ముందు కూర్చుని పడీపడీ నవ్వారు. తరవాత ఆయనే దానికి నూనె రాసి, సన్నసెగ మీద కాల్చి, మళ్ళీ రాసి, మళ్ళీ కాల్చి దాని నలుపు దానికి తెచ్చిపెట్టారు. ఇక ఆ తపేలాలో ఉడికిన అన్నం రుచి ఏమని చెప్పను, అడుగున పల్చగా ఎర్రగా కట్టిన పొర కోసం తండ్రీ కూతుళ్ళు పోట్లాడుకునేవారు.

పక్క వాటాలో ఒరియా ఆవిడ ఉండేది, బరంపురం వాళ్ళు. వాళ్ళాయనది హార్బరు గేటు దగ్గర కాపలా ఉద్యోగం. మా ఇద్దరికీ మధ్య గోడ ఒకటే, ఇవతల దగ్గితే అవతల వినిపించేది. మా వీధిలోనే తెలుగు నేర్చుకుంది కాబట్టి ఆవిడ నోట నాకన్నా ఎక్కువ విశాఖ యాస పలికేది. వాళ్ళాయన ఖాకీ బట్టలకి గంజి కావాలి, వాళ్ళు తినేదేమో ఉప్పుడు బియ్యం, ఆ గంజి బట్టలకి పట్టదని ఆవిడ బాధ. అందుకని రోజూ నేను అన్నం వార్చే వేళకి చెంబు పట్టుకుని గుమ్మంలో హాజరయ్యేది. నేను మూత అడ్డంపెట్టి, మసిగుడ్డతో తపేలా చెవులు పట్టి వంచితే, చిక్కటి గంజి ఆవిడ చెంబులోకి దిగేది. ఆ కాసేపూ నిలబడే లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళం. మా పుణ్యాన వాళ్ళాయన చొక్కా, విప్పి నేలమీద పెట్టినా నిలబడేదని ఆవిడ మురిసిపోయేది.

మా చిన్నవాడు పాలు మానిన ఏడాది ఫౌండ్రీకి తాళం పడింది. మా ఆయన పొద్దున్నే లేచి స్టీలు ప్లాంటు కాంట్రాక్టర్ల దగ్గర, హార్బరు దగ్గర, వన్ టౌన్ గోదాముల దగ్గర పని కోసం నిలబడేవారు. సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా గోడకి ఆనుకుని కూర్చునేవారు. ఏమైందని అడగడం నేను మానేశాను. రేషను కార్డు ఇంకా ఊళ్ళోనే ఉంది. ఊరికి రాద్దామంటే, పట్నం వెళ్ళి బాగుపడ్డారని చెప్పుకుంటున్నవాళ్ళ ముందు తల ఎలా దించుకోమంటావని ఆయన కస్సుమన్నారు. పుట్టింటి ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. కిరాణా కొట్టు వైపు వెళ్ళడానికి మొహం చెల్లక, చుట్టూ తిరిగి కుళాయికి వెళ్ళేదాన్ని.

అన్నం తగ్గుతున్నకొద్దీ నా భయమంతా గంజి మీదే ఉండేది. నవ్వకండి. పిల్లలకి గంజిలో ఉప్పు వేసి పట్టేదాన్ని, నాకూ అదే. కానీ ఆవిడకి ఇవ్వకపోతే ఎందుకివ్వలేదంటుంది, మర్నాటికి వరస ఇళ్ళన్నిటికీ తెలిసిపోతుంది. అందుకని గంజి సగం దాచి, మిగతా సగంలో వేడినీళ్ళు కలిపి ఆవిడ చెంబులో పోసేదాన్ని. గంజి పల్చబడిందేటని అడిగితే బియ్యం రకం మార్చామని కోశాను. పంపు స్టవ్ హోరు గోడ అవతలికి వినిపిస్తుంది కదా, అది మోగకపోయినా అనుమానమే, అందుకని వండడానికి ఏమీ లేనిపూట కూడా తపేలాలో నీళ్ళుపోసి స్టవ్ వెలిగించేదాన్ని. పస్తు ఉండటం కన్నా పస్తున్నట్టు తెలియకుండా ఉండటమే ఎక్కువ కష్టం, ఆ సంగతి పడ్డవాళ్ళకే తెలుసు.

ఒకరోజు డబ్బా అడుగు దులిపి పిల్లలిద్దరికీ పెట్టేశాను. గంజి కోసం వచ్చిన ఆవిడకి ఏం చెప్పాలో తోచక, అలవాటున నోటికొచ్చిన మాట అనేశాను, బియ్యం నిండుకున్నాయమ్మా అని. మన ఇళ్ళల్లో బియ్యం లేవు అనకూడదు కదా, అయిపోయాయి అని కూడా అనకూడదు. డబ్బా ఖాళీ అయితే నిండుకుందనే అంటాం. అన్నాక, తెలిసిపోయిందిరా భగవంతుడా అనుకున్నాను. ఆవిడ మొహం మాత్రం చాటంత అయింది.

"నిండుకున్నాయేటక్కా! మంచి మాట సెప్పినావు. అయితే రేపు పెద్ద గిన్నె తెత్తాను. మా ఆయన కాడికి ఆఫీసర్లు వత్తన్నారంట, డ్రస్సు కర్రలా నిలబడాల!"

ఆవిడ వెళ్ళాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాపం, నిండుకోవడమంటే నిండిపోవడమే అనుకుంది. కాదని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది?

మర్నాడు ఆయన బయటికి వెళ్ళిపోయాక స్టవ్ వెలిగించి, తపేలాలో నీళ్ళుపోసి మూతపెట్టాను. మా అమ్మాయి కంచం తెచ్చుకుని తపేలా ముందు కూర్చుంది. ఇంకా ఉడకలేదా అమ్మా అని అడగను కూడా లేదు, మూత వైపు చూస్తూ కూర్చుంది, అంతే. చిన్నవాడు ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళలోకి దిగాడు. వీధిలో పాత ఇనుము కొనేవాడి కేక వినబడింది. ఇంట్లో బరువున్న వస్తువు ఆ తపేలా ఒక్కటే. తపేలా అమ్మి బియ్యం తెస్తే ఆ బియ్యం నా నెత్తిమీద వండుకోనా అని నామీద నాకే మండుకొచ్చింది. రైలు పట్టాలు మా వీధి చివరే ఉన్నాయి. ఆ రోజు రాకూడని ఆలోచన కూడా వచ్చింది, ఆ మాట ఇక్కడితో వదిలేస్తాను.

అప్పుడు వచ్చింది, అన్నమాట ప్రకారం పెద్ద గిన్నె పట్టుకుని. నేను లేచేలోపే, ఉడికిందేమో సూత్తానుండక్కా అంటూ చీర చెంగుతో మూత పట్టి ఎత్తేసింది. ఆవిరంతా పోయాక తపేలాలో నీళ్ళు, ఒట్టి నీళ్ళు, తెర్లుతున్నాయి. ఆవిడ నీళ్ళు చూసింది, ఖాళీ కంచం ముందు కూర్చున్న నా కూతుర్ని చూసింది. నావైపు మాత్రం చూడలేదు. నేను గోడకి అంటుకుపోయి నిలబడ్డాను, భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది.

ఆవిడ ఏమీ జరగనట్టు మూతని మళ్ళీ అడ్డంపెట్టి, మసిగుడ్డ అందుకుని, అన్నం వార్చినట్టే జాగ్రత్తగా తపేలా వంచి, ఆ నీళ్ళు తన గిన్నెలోకి వంపుకుంది. "గంజి బాగుందక్కా" అని, చెయ్యి కాలకుండా గిన్నె చెంగుతో పట్టుకుని వెళ్ళిపోయింది.

కాసేపట్లో అదే గిన్నెతో తిరిగొచ్చింది. నిండా ఉప్పుడు బియ్యం.

"మా బియ్యానికి గంజి రాదని సెప్పినాను గదా, ఇనప తపేలాలో వండితే వస్తాదంట. ఇయ్యాల్టి నుంచి మా బియ్యం కూడా నీ తపేలాలోనే వండెయ్యక్కా. మా ఇద్దరికీ కొంచెం సరిపోద్ది, మిగిల్తే పిల్లలకెట్టు."

ఏ తపేలాలో వండినా ఉప్పుడు బియ్యం గంజి ఒకటేనని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అవునమ్మా, ఇనుములో అయితే వస్తుంది అన్నాను. ఆ పూట మా అమ్మాయి లావుపాటి మెతుకులు రెండు చేతులతో తినడం చూస్తూ స్టవ్ ముందే కూర్చుని ఏడ్చాను. స్టవ్ హోరులో ఏడుపు అవతలికి వినపడలేదనే అనుకుంటాను. అలా ఎన్నాళ్ళో ఆవిడ బియ్యం తెచ్చేది, నేను వండేదాన్ని, ఆవిడ గిన్నె అడుగున కొంచెం అన్నం, పైన చెంబుడు పల్చటి గంజి పట్టుకెళ్ళేది. వాళ్ళాయన మెత్తబడిన బట్టల్లో, మెడ దగ్గర వాలిపోయిన కాలరుతో డ్యూటీకి వెళ్తుంటే నేను తలుపు వెనక్కి తప్పుకునేదాన్ని.

చివరికి మా ఆయనకి ఓడల మరమ్మతులు చేసే షెడ్డులో పని దొరికింది. ఊపిరి పీల్చుకున్నాం. మళ్ళీ మా బియ్యం మా తపేలాలో ఉడికాయి, ఆ ఖాకీ చొక్కా మళ్ళీ నిలబడింది.

రెండువేల సంవత్సరం దాటాక వాళ్ళాయన రిటైరై బరంపురం వెళ్ళిపోతున్నప్పుడు, స్టేషన్లో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నవ్వుతూ, ఒక సంగతి బయటపెట్టింది. నిండుకున్నాయన్న రోజునే ఇంటికెళ్ళి మొగుడితో సంబరంగా చెప్పిందట. ఆయన తల పట్టుకుని, పిచ్చిదానా, ఆ మాటకి అర్థం అది కాదు, వాళ్ళింట్లో గింజ లేదని చెప్పాడట. నా బట్టలకి గంజి వద్దు, రేపు పెద్ద గిన్నే పట్టుకెళ్ళు అన్నాడట. అంటే తెలిసే వచ్చింది, తెలిసే మూత ఎత్తింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా, ఆవిడకిద్దామని ఇంటి దగ్గరే నిండా బియ్యం పోసి తెచ్చిన ఆ ఇనుప తపేలా ఆవిడ చేతుల్లో పెట్టాను. రైలు కిటికీలోంచి మూతతీసి చూసుకుని, "ఇప్పుడు నిజంగా నిండుకుంది గదక్కా" అంది. ఇద్దరం నవ్వుతూనే ఏడ్చాం. తరవాత ఇళ్ళు మారాం, అడ్రసులు మారాయి, ఆవిడ ఎక్కడుందో, అసలు ఉందో లేదో కూడా ఈ రోజుకీ నాకు తెలియదు.

మా అమ్మాయికి ఆ రోజులేవీ గుర్తులేవు, మంచిదే. కొత్త తపేలాలో అన్నం నేనే వండాను. గంజి వార్చక్కర్లేదు, కొలిచి నీళ్ళు పొయ్యమని అల్లుడు పుస్తకం చూపిస్తున్నా వినకుండా ఎక్కువ నీళ్ళుపోసి, చిక్కటి గంజి గిన్నెలోకి వార్చాను. ఆ గిన్నె పట్టుకుని ఎందుకో గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. ఎదురు ఫ్లాటు తలుపు మూసే ఉంది. ఏడాది నుంచి అక్కడ ఉంటున్నారు, ఆవిడ నన్ను చూస్తే నవ్వుతుంది కూడా, పేరు తెలియదు. లోపల కుక్కరు కూస్తోంది. అందులో బియ్యం ఉన్నాయో, ఒట్టి నీళ్ళే తెర్లుతున్నాయో నాకెలా తెలుస్తుంది? గంజి కోసం గుమ్మం ఎక్కేవాళ్ళు లేరు, ఒకరి గిన్నె మూత ఒకరు ఎత్తిచూసే చనువు లేదు. గంజి మీద మీగడ కట్టేదాకా అక్కడే నిలబడి, లోపలికొచ్చి సింకులో పారబోశాను.