మిర్చి కోల్డు స్టోరేజీలో కనిపించిన చీర అంచు

నల్లపాడు రోడ్డులోని ఎలక్ట్రానిక్సు సర్వీసు సెంటరులో సీనియర్ టెక్నీషియనుగా పనిచేస్తూ, నేను స్వచ్ఛంద విరమణకు అర్జీ పెట్టుకున్న వేసవి అది. నా పైన మేనేజరు, నా కింద స్టూలు. గుంటూరు ఎండ ఎంతటిదంటే, సోల్డరింగ్ ఐరన్‌ను ప్లగ్గులో పెట్టడం కేవలం మర్యాద కోసమే.

ఒక మధ్యాహ్నం మస్తాన్‌వలి గారు పాతకాలపు హోమ్ కంప్యూటరు తెచ్చారు. కీబోర్డులోనే కంప్యూటరంతా ఇమిడిపోయి, టీవీకి తగిలిస్తే పనిచేసే రకం. ప్రోగ్రాములు క్యాసెట్టు నుంచి ఎక్కించుకోవాలి. ఆయన ఒకప్పుడు చీరాల నేతగాళ్లకు చీర అంచులు గీసిచ్చేవారు. ఇప్పుడు మిర్చి కోల్డు స్టోరేజీలో సూపర్‌వైజరు. ఆయన గీసిన చిలకల అంచును ఇంకొకాయన తనదంటున్నాడు. మర్నాడు నేత సంఘం మీటింగులో తేలుస్తారు. గీసిన కాగితాలు చెదలు తినేశాయి. ఈ కంప్యూటరులో గీసి దాచుకున్న క్యాసెట్టులో మాత్రమే ఆ బొమ్మ పేరుతో సహా మిగిలింది.

ఆన్ చేస్తే తెరనిండా కల్లంలో ఎండబోసిన మిరపకాయల్లా చుక్కలు. వోల్టేజి కొలిచాను, ఐదు వోల్టులూ ఉన్నాయి. కీ నొక్కితే బీప్‌మంటోంది, అంటే ప్రాసెసరు బతికే ఉంది. మెమరీ చిప్పులు మార్చాను. టీవీ మార్చాను. వైరు మార్చాను. ఇక మార్చడానికి నేనే మిగిలాను.

"పొద్దున మా స్టోరేజీలో తెర చక్కగా వచ్చిందండీ, క్యాసెట్టు ఎక్కిద్దామని ఇంటికి తీసుకెళ్తేనే ఇలా అయింది" అన్నారాయన.

"అక్కడొచ్చి ఇక్కడ రాకపోవడానికి దీనికి నా మీద పగేమన్నా ఉందాండీ?"

"ఏమోనండి, ఇందాకట్నుంచీ మీరు దాన్ని తిడుతూనే ఉన్నారుగా."

ఆయన అబద్ధమాడుతున్నారని నా అనుమానం. అది తేల్చుకుందామని టీవీతో సహా ఆటో ఎక్కాను. బూజు పట్టకుండా ఆయన ఆ యంత్రాన్ని ఏళ్ల తరబడి మిర్చి టిక్కీల, అంటే బస్తాల మధ్య దాచారట. హిమాలయాలు సెలవు మీద వచ్చి విడిది చేసినట్టున్న ఆ గదిలో దుప్పట్లు కప్పుకుని ఆన్ చేశాం. తెర కడిగిన ముత్యంలా ఉంది.

నా బుర్ర పనిచేయడం మానేసింది. ఎర్తింగు అనుకున్నాను, వాస్తు అనుకున్నాను, చివరికి మిర్చి ఘాటు కూడా అనుకున్నాను. ఇంతలో క్యాసెట్టు సగం ఎక్కగానే మళ్లీ చుక్కలు. ఒక్కో చిప్పునూ వేలితో తాకి చూశాను. అన్నీ చల్లగానే ఉన్నాయి. తెర మీద బొమ్మ గీసే వీడియో చిప్పు మాత్రం పెనంలా చురుక్కుమంది. చల్లగా ఉంటే గీస్తుంది, వేడెక్కితే పిచ్చిగీతలు పెడుతుంది.

కూలింగు పైపుల మీది మంచును ఆయన పాలిథిన్ కవరులోకి గీకి తెచ్చారు. చిప్పు మీద అది పట్టుకుని నేను, క్యాసెట్టు దగ్గర ఆయన, ఇద్దరం తుమ్ముతూ కూర్చున్నాం.

"తుమ్మినప్పుడు చెయ్యి కదలనీకండి."

"కదలకుండా తుమ్మడం నాకెవరూ నేర్పలేదండీ."

చుక్కలు సర్దుకుని చిలకలయ్యాయి. మూలన ఆయన పేరు. ఆయన ఫోనులో ఫోటో తీసుకున్నాక గానీ మంచు వదల్లేదు.

మర్నాడు సంఘం ఆ అంచు ఆయనదేనని ఒప్పుకుంది. ఆ రకం చిప్పు తయారీ ఎప్పుడో ఆగిపోయింది కనుక, బాగుచేయలేమని రాసి యంత్రాన్ని తిరిగి ఇచ్చేశాం. ఏది ఎలా చెడిందని అడగడమే సర్వీసంతా నా పని. ఎక్కడ బాగా పనిచేసిందో ముందుగా అడగాలని, విరమణ అర్జీ పెట్టుకున్నాక తెలిసింది.