లారీ ట్యూబు సంచి

పాత ట్యూబు కొందామని ఆత్మకూరులో పంచరు షాపుకు వెళ్లాను. సొల్యూషన్ వాసన తగలగానే మా నాయిన చేసిన సంచి గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న అమ్మమ్మ ఊరికి పుట్టిలో, గుండ్రటి బుట్ట పడవలో, వెళ్లేవాళ్లం. ఒకసారి బట్టలు తడవకుండా ఉండాలంటూ నాయిన లారీ ట్యూబు ముక్క కోసి, ఒక కొసను సొల్యూషన్‌తో అతికించాడు. లోపల నా పాత గౌను ఒక్కటే వేసి, గాలి పోకుండా రెండో కొస మడిచి రబ్బరు పట్టీతో బిగించాడు. సంచి పూరీలా ఉబ్బింది.

“ఇంకా జాగా ఉంది గదా నాయినా, అమ్మ కొత్త చీర గూడ పెట్టు,” అన్నాను.

“వద్దు బిడ్డా, గాలి ఉండనియ్యి. ఒళ్లె పెట్టుకొని గట్టిగ పట్టుకో. ఏమైనా గానీ ఇడువకు.”

“నువ్వు పుట్టి చూస్కో, సంచి నేను చూస్కుంట,” అన్నాను గర్వంగా.

ఎండకు వేడెక్కిన రబ్బరు చేతులకు అంటుకుంటున్నా, నది దాటేదాకా దాన్ని కావలించుకునే కూర్చున్నాను. ఒడ్డు చేరాక చూస్తే, మూటలో ఉన్న అమ్మ కొత్త చీర తడిసిపోయింది. నా పాత గౌను పొడిగా ఉంది. నాయినకు సర్దడం కూడా రాదని కోపమొచ్చింది.

“ట్యూబు దేనికక్కా?” అని షాపతను అడిగాడు.

“మా బిడ్డకు ఈత నేర్పుతడంట మా నాయిన. తెమ్మన్నడు.”

అతను ట్యూబును నీళ్ల తొట్టిలో అదిమాడు. అది చేతుల్లోంచి జారి పైకి తేలింది. ఆ రోజు పుట్టిలో ఈత రానిది నాకొక్కదానికే.

“గాలి నిండ కొట్టన్నా,” అన్నాను.