అర్బాబు కుర్చీలో స్ప్రింగు

డెబ్బైల్లో మస్కట్‌లో దిగిన మాబోటి వాళ్లకు రాని పనంటూ ఉండేది కాదు. ఎవరేమడిగినా ముందు వచ్చనడం, ఎలా చేయాలో తర్వాత ఆలోచించడం మా పద్ధతి. నిజామాబాదులో సైకిళ్లకు పంక్చర్లు వేసుకునే నేను ఆ ఒక్క మాట బలంతోనే మస్కట్ శివారు అజైబాలో ఒక షెడ్డులో కారు మెకానిక్‌నయ్యాను. (సైకిలుకూ చక్రాలే, కారుకూ చక్రాలే, రెండెక్కువ, అంతేగదా అనుకున్నాను.) మేము ఉస్తాద్ అని పిలిచే కడపాయన అక్కడ పెద్ద మెకానిక్. ఆయన నాచేత ఆయిలు మార్పించడం తప్ప పెద్ద పనేదీ చేయించకపోవడంతో మూడు నెలలు నా గుట్టు దాగింది.

ఒకరోజు ఉస్తాద్ దూరాన సువైక్ అనే ఊళ్లో ఆగిపోయిన లారీ కోసం పొద్దున్నే వెళ్లాడు. షెడ్డు యజమాని, మా అర్బాబు, తన పాత కారు తెచ్చి నిలబెట్టి, గుంతలో పడినప్పుడల్లా ముందువైపు టకటకమంటోందన్నాడు. తొంగిచూస్తే, ముందు చక్రాలను పట్టి ఉంచే ఇనుప చేతుల్లో రబ్బరు బుష్‌లు అరిగి పిండిలా రాలుతున్నాయి. ఉస్తాద్ వచ్చేదాకా ఆగమంటే సరిపోయేది. "మాఫీ ముష్కిల్" అనేశాను. (ఇబ్బందేమీ లేదని అర్థం; నాకొచ్చిన అరబ్బీలో సగం అదే.) ఆయన నిశ్చింతగా నమాజుకు వెళ్లాడు.

కారును జాకీ మీద లేపి, చక్రం విప్పి, బోల్టులు ఒక్కొక్కటే ఊడదీశాను. కింది చేతిమీద లావుపాటి స్ప్రింగొకటి కూర్చుని ఉంది. అది ఊరికే కూర్చోలేదనీ, నొక్కిపెట్టిన బలమంతా బిగబట్టుకుని ఉందనీ నాకు తెలియదు. చివరి బోల్టును సుత్తితో కొట్టగానే ఫిరంగి పేలినట్టయింది. చెవి పక్కనుంచి ఏదో రివ్వున పోయింది. కళ్లు తెరిస్తే స్ప్రింగు లేదు. ఆఫీసు గది ప్లైవుడ్ గోడకు పుచ్చకాయంత కన్నం ఉంది. అందులోంచి చూస్తే, అర్బాబు రోజూ కూర్చునే కుర్చీ వీపులో స్ప్రింగు దిగబడి ఉంది.

సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నమాజు ముగించుకుని అర్బాబు వచ్చాడు; లారీ పని చూసుకుని ఉస్తాద్ కూడా అప్పుడే దిగాడు. అర్బాబు గోడను చూశాడు, కుర్చీని చూశాడు, నా దగ్గరకొచ్చి మెల్లగా ఏదో అడిగాడు. సామాను సర్దుకోమంటున్నాడనుకుని తల ఊపాను.

"తల ఊపుతావేందిరా," అన్నాడు ఉస్తాద్. "నీకు యాడన్నా దెబ్బ తగిలిందా అని అడుగుతాండాడు."

స్ప్రింగు పేలినప్పటికంటే ఆ మాటకే ఎక్కువ అదిరిపోయాను. "దెబ్బేం తాకలే ఉస్తాద్. నేను కార్ల మెకానిక్‌ను కాదు. సైకిళ్లు బాగుజేసెటోణ్ని," అని ఏడుస్తూ ఒప్పేసుకున్నాను. ఉస్తాద్ అరబ్బీలో చెప్పాడు. అర్బాబు ఆ కన్నం వంక చూసి, అబద్ధం చేసిన చప్పుడు చాలు, ఇక వీడికి పని నేర్పమని ఉస్తాద్‌తో అన్నాడట.

మర్నాడు ఉస్తాద్ కొత్త బుష్‌లకు సబ్బునీళ్లు రాసి ఎక్కించాడు. చక్రాలు గాలిలో ఉండగా బోల్టులు బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుందట. కారు తన బరువు మీద నిలబడ్డాకే బిగించాలట. మనిషి బరువు కూడా ఉండాలని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. కింద స్పానరు తిరిగినంతసేపూ, కదిలితే పని చెడుతుందేమోనని ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చున్నాను. (పీల్చుకోవచ్చని ఆయన చెప్పలేదు.) తర్వాత పాతికేళ్లు ఎన్నో కార్లు విప్పి బిగించాను గానీ, అప్పట్లో ఎముకల గూడులా ఉండే నేను ఆ రోజు బరువు కోసం కూర్చున్నంత శ్రద్ధగా మళ్లీ ఏ పనీ చేసినట్టు గుర్తులేదు.